మార్పులు ఏమైనా ఉంటే రాయండి

షెడ్డులో అందరూ ఆయన్ని గుడ్డ మేస్త్రి అనేవారు. భుజం మీద పాత నూలు గుడ్డ లేకుండా ఆయన్ని చూసినవాళ్లు లేరు. పానా అందుకునే ముందు తుడిచేవాడు, వాడాక తుడిచేవాడు, బండి అప్పజెప్పేటప్పుడు స్టీరింగు మీద తన చేతి మరక లేకుండా తుడిచి అప్పుడు తాళం ఇచ్చేవాడు. ముప్పై ఒక్క ఏళ్లు అదే షెడ్డు, అదే మూల, అదే గుంట. బండి కింద నిలబడి పని చేసుకునే ఆ గుంటలోకి దిగేముందు కళ్లు మూసుకుని ఒక్క క్షణం దేవుణ్ణి తలుచుకోవడం ఆయనకు అలవాటు. ఎవరైనా చూసి నవ్వితే, నెత్తి మీద టన్ను బరువు పెట్టుకుని కింద నిలబడేవాడికి పైవాడితో ఆ మాత్రం పరిచయం ఉండాలి కదా అనేవాడు.

ఆయనకు ఒక్కతే కూతురు. ఇరవై ఒకటి నిండాయి. మందుల గోడౌన్లో పెట్టెల మీద తేదీలు సరిచూసే ఉద్యోగం ఆ పిల్లది. కారు తోలడం తండ్రే నేర్పాడు, షెడ్డు వాళ్ల పాత వ్యానులో. లైసెన్సు చేతికొచ్చి ఎనిమిది నెలలే అయింది.

ఆ ఎనిమిది నెలల్లోనే ఆయన చూపు తగ్గడం మొదలైంది. పక్కనుంచి వచ్చిన సైకిలు కనిపించక దాని మీదే పడ్డాడు. సైకిలు తొక్కే పెద్దాయన తిట్టకపోగా, తన మోకాలు తుడుచుకోవడం మాని ఈయన మోచెయ్యి కడిగి, కళ్లు చూపించుకోమని మరీ మరీ చెప్పి వెళ్లాడు. కంటి డాక్టరు పరీక్ష చేసి, లోపల ఒత్తిడి చాన్నాళ్లుగా పెరిగి నరం దెబ్బతిన్నదని చెప్పాడు. అంటే గ్యాస్కెట్ పోయిందన్నమాట అన్నాడు మేస్త్రి. డాక్టరు నవ్వి, అంతలోనే నవ్వు ఆపేసి, ఈ గ్యాస్కెట్ మార్చడానికి ఇంకా దొరకదు మేస్త్రి గారూ అన్నాడు. చుక్కల మందుతో కొంత ఆపవచ్చు. చూపు ఉండేది ఆరు నెలలో, ఎనిమిది నెలలో, ఖాయంగా చెప్పలేం.

ఆసుపత్రి మెట్లు దిగుతూ ఆయన కూతురికి తన చూపు ఎలా ఉందో చెప్పాడు.

"సైలెన్సర్ గొట్టం ఈ చివర కన్ను పెట్టి ఆ చివరికి చూస్తే ఎలా ఉంటుందో అలా ఉందమ్మా. చుట్టూ నలుపు. మధ్యలో నువ్వు మాత్రం బాగానే ఉన్నావు."

మర్నాడు తనంతట తానే వెళ్లి లైసెన్సు తిరిగి ఇచ్చేశాడు. ఎవరూ అడగలేదు. కౌంటర్లో ఉన్న గుమాస్తా ఆ కార్డు తీసుకుని, కాసేపు కూర్చుని వెళ్లండి అని తన కుర్చీ ఇచ్చాడట.

షెడ్డులో లేతు పని చేసే ఆయనకు నోరు కాస్త దురుసు. గుడ్డ మేస్త్రి పేరుకి ఇప్పుడు ఒక్క గుర్తు పెడితే సరిపోతుందని నలుగురిలో అనేశాడు. అన్నాక నాలుక కరుచుకున్నాడు. షెడ్డంతా పానాల చప్పుడు ఆగిపోయింది. ఆ మాట పూర్తి చేసింది మేస్త్రే.

"తప్పేముంది? ఇన్నాళ్లూ వట్టి గుడ్డనే. ఇప్పుడు దేవుడు నా మీద గుడి కట్టాడు. గుడ్డకి గుడి పెడితే ఏమవుతుందో ఒకటో తరగతి పిల్లలు కూడా చెబుతారు."

లేతు ఆయన మొహం అటు తిప్పుకున్నాడు. ఆ రోజు నుంచి సాయంత్రం అయ్యేసరికి ఆయనకు మేస్త్రి ఇంటివైపే ఏదో ఒక పని తగులుతూ వచ్చింది. ఏం పనో ఎవరూ అడగలేదు. ఇద్దరూ కలిసి నడిచి వచ్చేవారు.

మేస్త్రి ఇంటి పక్కన రేకుల షట్టరుతో చిన్న గది ఉంది. అందులో ఒక బండి. రెండే తలుపులు, నేలకు దగ్గరగా కూర్చున్నట్టుండే ఎర్ర కారు. వేగం కోసమే కంపెనీ తయారుచేసిన రకం. తొమ్మిదేళ్ల కింద అది గోడకు గుద్దుకుని, ముందు భాగం అప్పడంలా అయిపోయి షెడ్డుకి వచ్చింది. నడిపినవాడు బతికాడు గానీ అతని భార్య మళ్లీ దాని మొహం చూడనంది. తుక్కుకి పోవలసినదాన్ని అడిగి తెచ్చుకున్నాడు మేస్త్రి. అప్పటినుంచి ప్రతి ఆదివారం పొద్దున ప్రార్థన అయ్యాక ఆ గదిలోకి వెళితే మళ్లీ భోజనానికే బయటికి రావడం.

కంపెనీ ఇచ్చినదానితో ఆయన ఆగలేదు. ఇంజను బలం పెంచే టర్బో పెట్టాడు. ఇంతకన్నా పెద్ద బండికి వేసే బ్రేకు డిస్కులు తెచ్చి దీనికి సరిపడేలా సానబట్టి వేశాడు. సైలెన్సర్ గొట్టమైతే బయట కొనలేదు. తిన్నని గొట్టంలో ఇసుక దట్టించి, ఎర్రగా కాల్చి, ముడత పడకుండా తన చేత్తో వంచాడు. ఆ గొట్టంలోంచి వచ్చే శబ్దం రొద కాదు. పెద్ద కుండలో నీళ్లు పోస్తుంటే నిండేకొద్దీ స్వరం పైకి పోతుంది చూశారా, అలా మొదలై, చివరికి గుండెల్లో తగిలేది. సీట్లకు కవర్లు ఆయన భార్య తన కుట్టుమిషను మీద కుట్టింది. ఆ మందపాటి బట్టకి మూడు సూదులు విరిగాయని ఇప్పటికీ దెప్పుతూ ఉంటుంది.

బండి పూర్తయిన ఏడాదే కళ్లు ఇలా అయ్యాయి. ఆయన దేవుణ్ణి నిందించలేదు. ఒక్కటే అన్నాడు, అదీ భోజనం చేస్తూ, ఉప్పు అడిగినంత మామూలుగా. కనిపించడం ఆగిపోయేలోపు ఒక్కసారి కూతురు ఆ బండి తోలుతుంటే పక్కన కూర్చుని రోడ్డు చూడాలని ఉందట.

రోడ్డెక్కాలంటే బీమా ఉండాలి. గోడౌన్లో భోజనాల విరామంలో మందుల పెట్టె మీద కూర్చుని ఆ పిల్ల ఫోన్లు చేయడం మొదలుపెట్టింది. అవతలివాళ్లు ముందు వయసు అడిగేవారు. తరవాత లైసెన్సు ఎన్నాళ్లదని. తరవాత బండి రకం. అక్కడికి వచ్చేసరికి గొంతు మారిపోయేది. ఒకాయన ఒక్క నిమిషం అని వెళ్లి మళ్లీ రానే లేదు. ఒక అమ్మాయి చెప్పిన అంకె ఈ పిల్ల ఏడాది జీతం కన్నా పెద్దది. ఇంకొకతను మంచివాడే, జాలిగానే చెప్పాడు. ఇరవై ఏళ్లవాళ్లు, అదీ ఇలాంటి బండితో, ఎక్కువ ప్రమాదాలు చేస్తారని లెక్కలు చెబుతున్నాయి, నలభై ఐదేళ్లు వచ్చాక ఫోన్ చేయండి, రేపే ఇస్తానన్నాడు. తాను ఆగగలదు గానీ నాన్న కళ్లు ఆగవని ఆ ఫోన్లో అతనికి ఎలా చెబుతుంది?

మేనమామ వచ్చాడు. లారీ ఆఫీసులో బుకింగ్ గుమాస్తా, కాగితాల సంగతి తనకు తెలిసినంత ఎవరికీ తెలియదని ఆయన నమ్మకం. టీ గ్లాసు చేత్తో పట్టుకుని రెండు దారులు చెప్పాడు. బండి ముఖ్యంగా తోలేది షెడ్డు యజమాని అని రాయించండి, ఆయన వయసు చూసి ప్రీమియం సగమవుతుంది. పిల్ల ఎప్పుడో ఒకసారి తోలుతుందని రాస్తే చాలు. ఇక దరఖాస్తులో మార్పుల గడి ఒకటి ఉంటుంది, దాన్ని ఖాళీగా వదిలేయండి. బానెట్ ఎత్తి చూసేదెవడు?

మొదటిదానికి మేస్త్రి తల అడ్డంగా ఊపి ఊరుకున్నాడు. రెండోదానికి మాత్రం నొచ్చుకున్నాడు.

"తొమ్మిదేళ్ల ఆదివారాలు అందులో ఉన్నాయి బామ్మర్దీ. చెయ్యలేదని నా చేత్తో నేనే రాయాలా?"

"రాయమనలేదయ్యా మహానుభావా, ఖాళీగా వదిలెయ్యమన్నాను."

"అదే మరి. ఖాళీ అంటే చెయ్యలేదనేగా."

మేనమామ తన అక్క వైపు తిరిగి, ఈయనతో ఎలా వేగుతున్నావే అన్నాడు. కుట్టుమిషను ఆపకుండానే ఆమె, అలవాటైపోయింది లేరా అంది.

చివరికి దరఖాస్తు తెచ్చారు. 'బండిలో మార్పులు ఏమైనా ఉంటే రాయండి' అని ఉంది. దాని కింద ఒకటే గీత, జానెడు. మేస్త్రి ఆ ప్రశ్నను రెండుసార్లు చదివించుకున్నాడు. ఆయన మొహం వెలిగిపోయింది. ఈ తొమ్మిదేళ్లలో ఆ గదిలో నువ్వేం చేశావయ్యా అని ఎవరూ ఆయన్ని అడగలేదు. ఇప్పుడు ఒక ఆఫీసు అడుగుతోంది. ఈ గీత చాలదు, తెల్ల కాగితాలు తెమ్మన్నాడు.

రెండు సాయంత్రాలు కూర్చుని, కాగితం కంటి దగ్గర పెట్టుకుని, తన గొట్టం చూపుతోనే స్వయంగా రాశాడు. ఏ నట్టు ఎంత బిగువుతో బిగించిందీ రాశాడు. గొట్టంలో ఇసుక ఎలా దట్టించిందీ రాశాడు. 'సీట్ల కవర్లు నా భార్య కుట్టినవి, కుట్టు గట్టిది' అని కూడా రాశాడు. రెండున్నర పేజీలు వచ్చాయి. ఫోన్లలో విన్న మాటల వల్ల ఆ పిల్లకు తెలుసు, అందులో ప్రతి వరసా ప్రీమియాన్ని ఒక మెట్టు పైకి ఎక్కిస్తుందని. వరసలు వంకరపోతూ ఒకదాని మీద ఒకటి ఎక్కుతున్నాయి. నాన్న నాలుక పళ్ల మధ్య పెట్టుకుని బడిపిల్లాడిలా రాస్తున్నాడు. ఆపమనకుండా ఆమె ఇంకో తెల్ల కాగితం అందించింది.

బీమా ఆఫీసు టైర్ల దుకాణం పైన ఒకే గది. అక్కడ ఉండే ఆవిడకు యాభై దాటి ఉంటాయి. మేస్త్రికి మెట్లు కష్టమని గమనించి తానే లేచి వచ్చి చెయ్యి పట్టుకుని కూర్చోబెట్టింది. రెండున్నర పేజీలూ మొదటినుంచి చివరిదాకా చదివింది. ఆ పని ఆవిడ చేయనక్కరలేదు. చదివి, కళ్లజోడు తీసి, ఇది ఇలాగే పంపిస్తే బీమా కంపెనీ ఏమంటుందో ఒక చీటీ మీద రాసి చూపించింది. మేస్త్రి కళ్లు ఆ చీటీ కోసం బల్లంతా వెతికాయి. కూతురే చదివి చెప్పింది. ఫోన్లో విన్న అంకెకు రెండింతలు.

ఆయన మెల్లగా అడిగాడు.

"ఏ పని సరిగా లేదంటారమ్మా? చెబితే సరిచేసి తెస్తాను."

ఆవిడ కాగితాలను మళ్లీ ఒకసారి తిప్పి చూసింది.

"అన్నీ బాగున్నాయి మేస్త్రి గారూ. అదే వాళ్ల భయం."

తరవాత ఆవిడ దారి చెప్పింది. బండిని కంపెనీ నుంచి వచ్చినప్పుడు ఎలా ఉందో అలా చేసేస్తే, తనిఖీ మనిషి వచ్చి చూసి కాగితం ఇస్తే, ఎలా తోలుతున్నారో రాసుకునే చిన్న పెట్టె ఒకటి బండిలో బిగిస్తే, ఏడాదికి ఇన్ని కిలోమీటర్లే అని ఒప్పుకుంటే, అప్పుడు ఈ అమ్మాయి జీతానికి అందే అంకె వస్తుంది. గట్టిగా బ్రేకు కొట్టినా ఒక్కసారిగా వేగం పెంచినా పెట్టె రాసుకుంటుంది. అలా మూడుసార్లయితే బీమా రద్దు. చెప్పడం అయ్యాక కలం తీసి సీట్ల కవర్ల వరస ఒక్కటి కొట్టేసింది. అమ్మగారి కుట్టు అలాగే ఉండనివ్వండి, దానితో బీమా కంపెనీకి పనేమీ లేదంది.

ఇద్దరూ బస్సెక్కారు. ఇంటి దగ్గర దిగాక, విప్పేద్దాం అన్నాడు.

వద్దు నాన్నా, ఇంకేదైనా చూద్దాం అంది ఆ పిల్ల. ఆమెకు ఏడుపు వస్తోంది.

"పెట్టడానికి తొమ్మిదేళ్లు పట్టింది. విప్పడానికి రెండు నెలలు చాలు. నా దగ్గర ఉన్న కాలం దానికే సరిపోతుంది తల్లీ."

కంపెనీ సామాను ఆయన ఒక్కటీ పారేయలేదు. అటక మీద నూనె రాసి, గుడ్డల్లో చుట్టి, ఏది ఎక్కడిదో చీటీలు కట్టి ఉంచాడు. సాయంత్రాలు కూతురు గోడౌన్ నుంచి రాగానే ఇద్దరూ గదిలోకి వెళ్లేవారు. ఆయన పన్నెండు అంటే పన్నెండో నంబరు పానా అందించేది, పద్నాలుగు అంటే పద్నాలుగు. మొదట్లో నట్టును చూసి పట్టుకునేవాడు. నెల తిరిగేసరికి వేళ్లతో తడిమి పట్టుకుంటున్నాడు. విప్పిన ప్రతిదాన్నీ తుడిచి కింద పరిచిన దుప్పటి మీద పెట్టేవాడు. పసిపిల్లల్ని పడుకోబెట్టినట్టుండేది. లేతు ఆయన ఆదివారాలు వచ్చి బరువులు ఎత్తిపెట్టి, ఒక్క మాటా అనకుండా వెళ్లేవాడు.

గొట్టం ఆఖరికి తీశారు. తీసేముందు ఒక్కసారి ఇంజను వేయమన్నాడు. ఆ కుండ నిండే శబ్దం గదంతా పాకింది. వంటింట్లోంచి భార్య వచ్చి గుమ్మంలో నిలబడింది. ఇక చాలు, ఆపెయ్యి అన్నాడు కాసేపటికి. టర్బో, గొట్టం షెడ్డు యజమాని తీసుకున్నాడు, ఎవరో ఖాతాదారు బండికని. అడిగినదానికన్నా ఎక్కువే ఇచ్చి, బజారు ధర అదేనన్నాడు. ఆ మాట అన్నవాడూ నమ్మలేదు, విన్నవాడూ నమ్మలేదు. బీమా మొదటి వాయిదా అందులోంచే కట్టారు.

తనిఖీ మనిషి రెండు వారాలు ఆలస్యంగా వచ్చాడు. మర్యాదస్తుడు, చెప్పులు బయట విడిచి గదిలోకి వచ్చాడు. అన్నీ చూసి, బ్రేకు డిస్కుల దగ్గర ఆగిపోయాడు. కంపెనీవి కావు ఇవి. మేస్త్రి వాటిని కావాలనే ఉంచేశాడు. పిల్ల తోలే బండి, బ్రేకు బాగుండాలని.

"వేగం తగ్గించమన్నారు, తగ్గించాను బాబూ. ఆగడం కూడా తగ్గించాలా?"

తనిఖీ మనిషి తల దించుకున్నాడు. మీరన్నది నిజమే, కానీ నా కాగితంలో మార్పు ఉందా లేదా అన్న రెండు గడులే ఉన్నాయి, ఎందుకు చేశారో రాసే చోటు లేదు అన్నాడు. డిస్కులు మార్చి కబురు చేస్తే వంతు వచ్చేదాకా ఆగకుండా వచ్చేస్తానని మాటిచ్చి, అలాగే వచ్చాడు పాపం. కానీ డిస్కులు మార్చడానికి, కాగితం రావడానికి, పెట్టె బిగించడానికి మరో మూడు వారాలు పోయాయి.

ఆ మూడు వారాల్లో ఇంట్లో గ్లాసులు రెండు పగిలాయి. తన చేతికి జిడ్డు అంటుకుందని ఒకసారి, ఎవరో గ్లాసును బల్ల అంచున పెట్టారని ఒకసారి అన్నాడు మేస్త్రి. కూతురు నమ్మాలనుకుంది కాబట్టి నమ్మింది. భార్య మాత్రం ఆ తరవాత ఆయన కంచం, గ్లాసు రోజూ ఒకేచోట పెట్టడం మొదలుపెట్టింది. ఎందుకో చెప్పలేదు.

బీమా కాగితం వచ్చిన మర్నాడు ఆదివారం. పొద్దున్నే ఆయన ఉతికిన చొక్కా వేసుకుని, కొత్త గుడ్డ భుజాన వేసుకుని, గోడ పట్టుకుని ఇంటి లోపలి తలుపులోంచి గదిలోకి వచ్చాడు. బండి చుట్టూ తిరిగి అద్దాలన్నీ తుడిచాడు. కూతురు స్టీరింగు ముందు కూర్చుంది. ఆయన పక్కన కూర్చుని తలుపు వేసుకుని, పెదాలు కదిలిస్తూ కాసేపు ప్రార్థన చేసుకున్నాడు. ఆమె ఇంజను వేసింది. అది ఏ వీధిలోనైనా వినిపించే మామూలు కారు చప్పుడు.

"పోనీ అమ్మా," అన్నాడు ఆయన, ముందుకు చూస్తూ, నవ్వుతూ.

ముందు షట్టరు దించే ఉంది.

ఆమె కదల్లేదు. ఎదురుగా బారెడు దూరంలో తుప్పు పట్టిన రేకు ఉంది. కిందినుంచి సన్నటి వెలుగు గీత తప్ప ఇంకేమీ లేదు. నాన్న ఆ రేకు వైపు రోడ్డును చూస్తున్నట్టే చూస్తున్నాడు. ఆయన చూపు గొట్టం ఆ చివర ఎప్పుడు మూసుకుపోయిందో ఎవరికీ తెలియనివ్వలేదాయన. ఆమె చప్పుడు కాకుండా తలుపు తీసుకుని దిగింది. షట్టరు ఎంత మెల్లగా ఎత్తినా గరగరమనక మానలేదు.

తిరిగి వచ్చి కూర్చున్నాక ఆయన మొహంలో నవ్వు లేదు.

"మూసే ఉందా?"

"ఇప్పుడు తీశాను నాన్నా."

"ఊఁ," అన్నాడు. భుజం మీది గుడ్డ తీసి ఒళ్లో పెట్టుకుని మడత పెట్టాడు, మళ్లీ విప్పి మడత పెట్టాడు.

వీధి దాటి పెద్దరోడ్డు ఎక్కారు. ఆదివారం కాబట్టి రోడ్డు ఖాళీగా ఉంది. ఆమె అన్నీ చెబుతూ తోలింది, కుడివైపు పాల బూత్, ఎదర వంతెన, వంతెన కింద నీళ్లు తక్కువగా ఉన్నాయి అని. ఆయన తల ఊపుతున్నాడు గానీ వినడం లేదు. ఇంకేదో వింటున్నాడు. వ్యానులో నేర్పినప్పుడు చేసినట్టే చెయ్యి కొద్దిగా పైకెత్తి ఉంచాడు, స్వరం పైకి రాగానే గేరు మార్చమని చెప్పడానికి. ఆ చెయ్యి అలాగే ఆగిపోయింది. ఆయన ఎదురుచూస్తున్న స్వరం ఈ ఇంజనులో లేదు. ఆ స్వరం షెడ్డు యజమాని ఖాతాదారు బండిలో ఎక్కడో తిరుగుతోంది.

కళ్ల కోసం తొందరపడి, కళ్లు పోయాక కూడా ఆయనకు మిగిలే ఆ శబ్దాన్ని తామే విప్పి ఇచ్చేశామన్న సంగతి అప్పుడు తట్టింది ఆ పిల్లకు. వంతెన దాటాక రోడ్డు తిన్నగా ఉంది. ఆమె రెండో గేరులోనే ఉంచి కాలు గట్టిగా నొక్కింది. ఇంజను గింజుకుంటూ అరిచింది. అది ఆ శబ్దం కాదు, దాని దరిదాపుల్లోది కూడా కాదు. స్టీరింగు కింద పెట్టెలో ఎర్ర దీపం వెలిగి ఆరింది.

ఆయన ఎత్తిన చెయ్యి దించి, వెతుక్కుంటూ ఆమె మోచేతి మీద వేశాడు.

"వద్దమ్మా, అది రాసుకుంటుంది. నెమ్మదిగానే పోనీ. నాకిప్పుడు తొందరేం లేదు."

ఆమె కాలు తీసేసింది. బండి వేగం తగ్గి, తగ్గి, సైకిళ్లతో సమానంగా నడిచింది. వెనక వచ్చిన వ్యాను కాసేపు ఆగి చూసి, హారన్ కొట్టకుండానే పక్కనుంచి వెళ్లిపోయింది.